కాళ్లతో జూమ్

కొత్తగా కెమెరా కొన్నవాడికి మొదటి వారం అభినందనలు, రెండో వారం నుంచి సలహాలు. కెమెరాతో పాటు పెట్టెలో 18-55 కిట్ లెన్సు ఒకటి వస్తుంది కదా, ముందు దాన్ని తీసి బీరువాలో పెట్టమంటారు. సలహా ఇచ్చే పెద్దమనిషి కూడా ఫోటో తీయడం దానితోనే నేర్చుకుని ఉంటాడు. అయినా సరే, చారులో కరివేపాకు గతే దానిది. అది పక్కకు పోయాక అసలు ప్రశ్న వస్తుంది: "మరి ప్రైమా, జూమా?"

నిజానికి విషయం ఇంతే. ప్రైమ్ అంటే ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు. 50 అంటే 50. ఎంత బతిమాలినా 51 కాదు. జూమ్ అయితే రింగు తిప్పినకొద్దీ 24 నుంచి 70 దాకానో, 70 నుంచి 200 దాకానో మనం ఆపిన చోట ఆగుతుంది. ఈపాటి దానికి రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఆ రెండు పక్షాల వాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తే, కాఫీ చల్లారుతుంది గానీ వాదన చల్లారదు.

మా ఇంట్లో ప్రైమ్ పక్షానికి మా బావమరిది ప్రతినిధి. వాడి దగ్గరున్నది 50 ఎంఎం, ఎఫ్/1.8. ఎఫ్ పక్కన అంకె చిన్నదైనకొద్దీ లెన్సులోకి వెలుతురు ఎక్కువ. ఆ లెన్సును నేను తక్కువ చేసి మాట్లాడను. పది పదిహేను వేలలో దొరికే వస్తువుల్లో అంత వెలుతురు తాగేవి అరుదు. కిట్ లెన్సును 55 దాకా లాగితే అది ఎఫ్/5.6 దగ్గర బిగుసుకుపోతుంది. దానికన్నా ఎఫ్/1.8లోంచి సుమారు పదింతల వెలుతురు లోపలికొస్తుంది. అంటే అదే దీపం కింద, సెకనులో 20వ వంతు షట్టర్ పెట్టి చెయ్యి వణక్కుండా ఊపిరి బిగబట్టుకోవాల్సిన చోట, మావాడు 200వ వంతు పెట్టి కబుర్లు చెబుతూ తీస్తాడు. బరువూ తక్కువే. కానన్ పాత ఈఎఫ్ 50 ఎఫ్/1.8 రెండో రకం 130 గ్రాములు. అదే కంపెనీ ఈఎఫ్ 24-70 ఎఫ్/2.8 రెండో రకం 805 గ్రాములు. మొదటిదాన్ని చొక్కా జేబులో వేసుకోవచ్చు. రెండోదాన్ని మెడలో వేసుకుంటే సాయంత్రానికి ఫిజియోథెరపిస్టు కావాలి.

లెన్సుతో ఆగితే బాగుండేది. మావాడికి దానితో పాటు సిద్ధాంతం కూడా వచ్చింది.

"హెన్రీ కార్టియర్-బ్రెసన్ జీవితమంతా దాదాపు 50తోనే తీశాడు బావా," అంటాడు. నిజమే. ఆ ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ లైకా కెమెరా, ఆ 50 లోకప్రసిద్ధం. జనం కంట పడకూడదని కెమెరా మీద మెరిసే భాగాలకు నల్లటేపు అంటించుకుని, వీధిలో నీడలా తిరిగేవాడు. మావాడు ఒక బంధువుల పెళ్లికి జరీ పంచె, మెరిసే లాల్చీ వేసుకుని, పెళ్లికూతురి ముక్కుకు మూరెడు దూరంలో నిలబడి, "నన్ను పట్టించుకోకండి, మామూలుగా ఉండండి" అన్నాడు.

ఇంకో చిన్న చిక్కుంది. బ్రెసన్ కెమెరాలో ఫిల్ము ముక్క 36 మిల్లీమీటర్ల వెడల్పు. మావాడిది ఏపీఎస్-సి కెమెరా, సెన్సరు వెడల్పు దానిలో మూడింట రెండొంతులే. కాబట్టి మావాడి 50 చూసే చూపు ఆయన లెక్కలో 75 అవుతుంది. ఆయన నిలబడ్డ చోటే మావాడు నిలబడితే మనుషుల కాళ్లు కోసుకుపోతాయి. ఈ మాట వాడితో అన్నాను. "అందుకే కదా కాళ్లున్నది? కాళ్లతో జూమ్ చెయ్యాలి," అన్నాడు.

ప్రైమ్ మతానికి మూలమంత్రం ఇదే. జూమ్ వాడు ఉన్నచోట ఉండి రింగు తిప్పుతాడట, సోమరి. ప్రైమ్ వాడు నడుస్తాడట, సాధకుడు. వినడానికి బాగానే ఉంది. మరి ఆ లెన్సుతో చార్మినార్ మొత్తం ఒక్క ఫోటోలో పడాలంటే? కట్టడం ఎత్తు దాదాపు యాభై మీటర్లు. మావాడి కెమెరా నిలువుగా పట్టుకున్నా, గుల్జార్ హౌజ్ వైపు వంద మీటర్లకు పైనే వెనక్కి నడవాలి. కన్ను వ్యూఫైండర్‌లో, వీపు జనంలో. వెనకాల తోపుడుబండ్లున్నాయి, ఆటోలున్నాయి, గాజులు బేరమాడుతూ ఎవరికీ దారివ్వని కుటుంబాలున్నాయి. ఆ సాధకుడి కాళ్లు ఎన్ని కాళ్లు తొక్కాయో, ఎన్ని భాషల్లో దీవెనలు అందుకున్నాడో నేను రాయను.

పులికాట్ సరస్సు సంగతి మరీ అన్యాయం. అక్కడ రాజహంసలు ఎక్కడో నీళ్ల మధ్యలో ఉంటాయి. 50తో తీస్తే గులాబీరంగు నూకలు చల్లినట్టు వస్తాయి. కాళ్లతో జూమ్ చేద్దామని బయలుదేరితే మొదటి అడుగుకు చెప్పు బురదలో ఉండిపోతుంది, రెండో అడుగుకు పక్షులు ఆకాశంలో ఉంటాయి. ప్రైమ్ అంటే చిన్నది, చవకది అనుకునేవాళ్లు పక్షుల వాళ్ల దగ్గరుండే 600 ఎంఎం ఎఫ్/4 చూడాలి. అదీ ప్రైమే. ఈ కాలపుదైనా మూడు కిలోల బరువు, ధర పది లక్షల పైమాట. దాన్ని మోసేవాణ్ని కాళ్లతో జూమ్ చెయ్యమని చెప్పి చూడండి.

ఇక జూమ్ పక్షం. మావాడు ఫోటోలు తీసిన ఆ పెళ్లికే వచ్చిన స్టూడియో కుర్రాడు రెండు కెమెరాలు రెండు భుజాలకు తగిలించుకున్నాడు. ఒకదానికి 24-70, రెండోదానికి 70-200. పెళ్లికూతురి తల మీద జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో దూరం నుంచి చెయ్యి తీశాడు, మరుక్షణం మంటపం మొత్తం తీశాడు, అవతల కళ్లు తుడుచుకుంటున్న తల్లిని కూడా పట్టేశాడు. ఏ ఒక్కరి కాలూ తొక్కలేదు. పని తెలిసినవాడు. అయితే ఈ పక్షంలోనూ పాపాత్ములున్నారు. కుర్చీ కదలకుండా, నోట్లో కిళ్లీతో, ఒక్క చోటినుంచే 18కీ 200కీ మధ్య అటూ ఇటూ తిప్పుతూ పెళ్లంతా కానిచ్చేస్తారు. దగ్గరివాళ్లు పనసకాయల్లా, దూరం వాళ్లు పోలీసు రికార్డు ఫోటోల్లా వస్తారు.

అసలు గొడవ ఈ పనసకాయ దగ్గరే ఉంది. మా పిన్ని ఇప్పటికీ నా కెమెరా చూస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. "ఆ డబ్బాలో నా ముక్కు పెద్దదవుతుందిరా," అని. తప్పు డబ్బాది కాదు, లెన్సుదీ కాదు. ముక్కు కొసకూ చెవికీ మధ్య పన్నెండు సెంటీమీటర్లు అనుకోండి. అరమీటరు దూరంలో నిలబడి తీస్తే, చెవితో పోలిస్తే ముక్కు దాదాపు పాతిక శాతం పెద్దదిగా పడుతుంది. రెండున్నర మీటర్ల దూరానికి జరిగితే ఆ తేడా ఐదు శాతానికి పడిపోతుంది. ఏ లెన్సు పెట్టినా లెక్క ఇదే. ఒకే చోట నిలబడి 18లో ఒకటి, 55లో ఒకటి తీసి, మొదటిదాన్ని కత్తిరించి పక్కన పెట్టండి. నాణ్యత తగ్గుతుంది గానీ పిన్ని ముక్కు రెండిట్లోనూ ఒక్కలాగే ఉంటుంది.

కాబట్టి రింగు తిప్పితే చట్రం మాత్రమే బిగుస్తుంది. నాలుగడుగులు నడిస్తే ముక్కులూ చెవులూ, ముందు మనిషీ వెనక గుడిగోపురమూ, వాటి మధ్య పొత్తు మొత్తం మారిపోతుంది. ఒకటి చేసే పని రెండోది చెయ్యదు. కాళ్లతో జూమ్ అనేవాడికీ ఇది తెలియదు, కాళ్లు ఎందుకు దండగ అనే జూమ్ వాడికీ తెలియదు. ఎదుటి మనిషి ఎంత దూరం నుంచి బాగుంటాడో ముందు తేల్చుకుని అక్కడ నిలబడాలి. లెన్సు సంగతి తర్వాత. నా అనుభవంలో కొందరు బంధువులు 35కు తగినంత దగ్గర్లో బాగుంటారు, కొందరు 85 దూరంలో బాగుంటారు. 400కు తగ్గితే క్షేమం కాని వాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పేర్లు మా ఆవిడకు తెలుసు.

సినిమా దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ ఈ పక్షాలేవీ పట్టించుకోలేదు. 1975లో వచ్చిన 'బ్యారీ లిండన్' సినిమాలో కొవ్వొత్తుల వెలుగులో జరిగే దృశ్యాలకు నాసా కోసం తయారైన జైస్ 50 ఎంఎం ఎఫ్/0.7 లెన్సు తెచ్చి సినిమా కెమెరాకు బిగింపజేశాడు. ప్రైమ్ వాళ్లు దాన్ని తలచుకుని కళ్లు మూసుకుంటారు. అదే సినిమాలో ఒక ముఖం దగ్గర మొదలై మెల్లగా వెనక్కి జరుగుతూ కొండలూ కోటలూ కనిపించేదాకా సాగే షాట్లు బోలెడు. అవన్నీ జూమ్‌తో తీసినవే. ఈ సంగతి చెబితే మావాడు, "అది సినిమా బావా, వేరు," అన్నాడు. 35 ఎంఎం స్టిల్ కెమెరాకు మొదటి జూమ్, ఫోక్ట్‌లెండర్ జూమార్ 36-82, 1959లోనే వచ్చిందని అంటే, "అందుకే అప్పటినుంచి ఫోటోలు ఇలా తయారయ్యాయి," అన్నాడు. సిద్ధాంతం ఉన్నవాడితో ఇదే ఇబ్బంది.

కాకపోతే ప్రైమ్ ఒకటితో ఆగదు. 50 చాలా ఇరుకని 35 కొన్నాడు, ముఖాలకు బాగుంటుందని 85 కొన్నాడు, మంటపానికని 24 కొన్నాడు. ఇప్పుడు వాడి సంచి స్టూడియో కుర్రాడి జూమ్ కన్నా బరువు. పైగా ఆ మార్చుకోవడం ఒకటి. తలంబ్రాలు పోసుకుంటున్నారు, పిల్లలు అరుస్తున్నారు, బియ్యం వానలా కురుస్తోంది. మావాడు ఆ వానలోనే 50 ఊడదీసి 24 పెడుతున్నాడు. పెట్టేసరికి పళ్లేలు ఖాళీ. సెన్సరు మీద ఇంత పసుపు. ఆ తర్వాత తీసిన ప్రతి ఫోటోలోనూ, ఆకాశంలో కూడా, ఒకే చోట ఒక మచ్చ.

భోజనాల ముందు రెండు వైపుల పెద్దల్నీ రెండు వరుసల్లో నిలబెట్టి గ్రూప్ ఫోటో తీశాడు. 50, ఎఫ్/1.8, నాలుగు మీటర్ల దూరం. ఆ లెక్కన ఫోకస్‌లో ఉండే మందం మొత్తం అరమీటరు లోపే. ఎఫ్/8 పెట్టు నాయనా అన్నాను. "బోకే, అదే వెనకవైపు మసక అందం, పోతుంది బావా," అన్నాడు. ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్న వియ్యంకులు మీసం వెంట్రుకతో సహా వచ్చారు. వెనక నిలబడ్డ మేనమామలంతా మంచులో కలిసిపోయారు. అందులో పెద్ద మేనమామ మధుపర్కాలు పెట్టినవాడు, ఖర్చులో సగం భరించినవాడు. ఆల్బమ్‌లో తనను వెతుక్కుని, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ వెతుక్కున్నాడు.

మొన్న ఆయన మనవరాలి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికొచ్చారు. బొట్టు పెట్టి, అక్షింతలిచ్చి, గుమ్మం దాకా వెళ్లి మా ఆవిడతో అన్నారు: "మీ తమ్ముణ్ని తప్పకుండా తీసుకురా అమ్మా. వాడు రాకపోతే ఊరుకోను. ఆ ఒంటికన్ను దాన్ని మాత్రం ఇంట్లో పెట్టి రమ్మను."