సగం పాట జనానిది

నన్ను రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని వెలుతురుకు కాస్త వంచి చూడండి. నల్లటి ఒంటి మీద ఒకటే గాడి, అంచు నుంచి నడిమి దాకా చుట్టలు తిరుగుతూ పోతుంది. పాడినవాడూ, వాయించినవాళ్లూ, టికెట్ కొనుక్కుని వినడానికొచ్చి తామే పాడి వెళ్లినవాళ్లూ అందరూ ఆ గాడి మెలికల్లోనే ఉన్నారు. నా పేరు 'లైవ్'. సోల్ గాయకుడు డానీ హాథవే పాడగా 1972లో ఆట్కో కంపెనీ విడుదల చేసిన ఎల్పీ రికార్డుని.

నా మొదటి వైపు 1971 ఆగస్టులో హాలీవుడ్‌లోని ట్రూబడోర్ క్లబ్బులో పుట్టింది. రెండో వైపు అదే ఏడాది అక్టోబరులో, న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లోని బిట్టర్ ఎండ్‌లో. రెండూ చిన్న చోట్లే. జనం పాటగాడికి బాగా దగ్గర. అందుకే వాళ్ల కేకలూ నవ్వులూ పాటతోపాటే నాలోకి దిగిపోయాయి.

లైవ్ రికార్డంటే గాయకుడు తన హిట్లను వరసగా వినిపించి చప్పట్లు కొట్టించుకోవడం మామూలు. డానీ తన పాటలూ పాడాడు గానీ, నా ఎనిమిది పాటల్లో మూడింటిని ఇతరుల దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు. మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్', కరోల్ కింగ్ 'యూ హావ్ గాట్ ఎ ఫ్రెండ్', జాన్ లెనన్ 'జెలస్ గై'. మూడూ ఆ ఏడాదే బయటికొచ్చిన రికార్డులు. లెనన్ ఆల్బమ్ 'ఇమాజిన్' అమెరికాలో సెప్టెంబరులో వస్తే, అక్టోబరు దాటకముందే అందులోని పాట బిట్టర్ ఎండ్‌లో డానీ నోట వినబడింది. మొదటి గాయకుడి గొంతు శ్రోతల చెవుల్లో ఇంకా పచ్చిగా ఉండగానే ఆ పాటను ముట్టుకోవాలంటే ఎంత ధైర్యం కావాలి!

ఆ ధైర్యం ఆయనకు చర్చిలో అబ్బిందని నా నమ్మకం. సెయింట్ లూయిస్‌లో గాస్పెల్ గాయని అయిన బామ్మ దగ్గర పెరిగాడు. మూడేళ్ల వయసు నుంచే పాడాడు. అక్కడ పాట ఎవరు కట్టారని ఎవరూ అడగరు. మన భజనల్లోలాగే ముందున్నవాడు ఎత్తుకుంటాడు, కూర్చున్నవాళ్లు అందుకుంటారు.

ట్రూబడోర్‌లో జరిగింది అదే. 'యూ హావ్ గాట్ ఎ ఫ్రెండ్' తొలి స్వరాలు పలకగానే కేకలు లేచాయి. గాయకుడు జేమ్స్ టేలర్ ఈ పాటను కరోల్ కింగ్ నోట మొదట విన్నది కూడా ఈ క్లబ్బులోనే. ఆయన పాడింది 1971 వేసవిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. కాబట్టి పాట వచ్చినవాళ్లకు కొదవ లేదు. పల్లవి దగ్గర డానీ వెనక్కి తగ్గి, దాన్ని వాళ్లకే వదిలేశాడు. వాళ్లు పూర్తిగా అందుకున్నారు. ముల్లు అక్కడికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. స్టూడియోలో ఎన్ని గొంతులు పెట్టి పాడించినా ఆ ఆత్మీయత రాదు.

'జెలస్ గై' విషయంలో నేను పక్షపాతినే. లెనన్ పాటకు వయొలిన్లున్నాయి, ఈల ఉంది. డానీకి పియానో, వెనక కొద్దిమంది చాలు. తప్పు ఒప్పుకునే మగవాడి గొంతులో ఇంత వెచ్చదనం నేను ఇంకెక్కడా వినలేదు. 'వాట్స్ గోయింగ్ ఆన్'లోనూ మార్విన్ గే వాడిన వాద్యబృందం లేదు. ఎలక్ట్రిక్ పియానో, గిటార్లు, బేస్, డ్రమ్స్, కాంగాలు. డ్రమ్స్ వాయించిన ఫ్రెడ్ వైట్ వయసు అప్పటికి 16 ఏళ్లు! తర్వాత ఎర్త్, విండ్ అండ్ ఫైర్ బృందంలో పేరు తెచ్చుకున్నాడు.

డానీ ఏళ్ల తరబడి మానసిక వ్యాధితో బాధపడి, 1979 జనవరి 13న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. 33 ఏళ్లే. ఆయన పాట విని జాలిపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ రెండు క్లబ్బుల్లో ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో నా గాడిలో ఉంది, వినండి.

ముఖ్యంగా రెండో వైపు చివరి పాట వినండి. 13 నిమిషాలు దాటే 'వాయిసెస్ ఇన్‌సైడ్' అది. నిడివి చూసి ముల్లు ఎత్తేయకండి. డానీ తన తోటివాళ్లలో ఒక్కొక్కరి చేతా వాయింపజేస్తాడు. బేస్ వంతు వచ్చేసరికి, దేశంలో ఇతన్ని మించినవాడు లేడన్నంత గర్వంగా విల్లీ వీక్స్‌ను పరిచయం చేస్తాడు. వీక్స్ తొందరపడడు. ఒక చిన్న వరసను పట్టుకుని, తిప్పి, పెంచి, మళ్లీ మొదటికి తెస్తాడు. అతను వేళ్లు కదిపిన ప్రతిసారీ జనం అరుస్తారు. నా అట్టమీద పేరున్న గాయకుడు ఆ సేపంతా పాడకుండా అతనికే చోటిచ్చాడు.