వెనకాల గుంటలున్నారయ్యా

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగేది విజయదశమి దాటాక వచ్చే మంగళవారం. మానుతో ఎవరికీ పేచీ లేదు. పూజారి కూర్చునే కొస ఆకాశంలో ఉంటుంది, పైగా గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. చిక్కంతా దాని ముందు నడిచేవాటితోనే. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. మూరెడు గుంటడికి అవి కనపడాలంటే పెద్దవాళ్లు తప్పుకోవాలి.

మా రోజుల్లో తప్పుకునేవారు. మా నాన్న నన్ను మెడలమీద ఎక్కించుకునే ముందు తల తిప్పి వెనక్కి చూసేవాడు. ముసలమ్మలో, చంటిపిల్లలో ఉంటే గోడవారకి జరిగి, ఏ స్తంభాన్నో ఆనుకుని నిలబడేవాడు. స్తంభం వెనక ఎలాగూ ఎవరూ నిలబడరు కదా. ఏనుగు దాటగానే దించేసేవాడు. ఇంకా చూస్తానని నేను కాళ్లు కొట్టుకుంటే, "ఆ పాప చూడొద్దేట్రా?" అని, తల్లిని ఓ మాట అడిగి, పక్కవాళ్ల పిల్లని ఎత్తుకునేవాడు. ముందు వరసలో మగాళ్లు "గుంటల్ని ఇలా తోలండి" అంటూ మమ్మల్ని చేతులు పట్టి ముందుకి లాక్కునేవారు. మేం చతికిలబడితే మా తలల మీదుగా వాళ్లు చూసేవారు.

ఇప్పుడో? బిడ్డని భుజానికెత్తుకోవడం తప్పని నేననను. ఎత్తుకోవాలి, లేకపోతే ఆ వయసులో ఏం చూస్తారు? కానీ నట్టనడుమ ఎత్తుకుని, ఆ బిడ్డ చేతికి ఫోనిచ్చి ఇంకో మూర పైకి పట్టించి, గంటసేపు కదలకపోవడం ఏం పద్ధతి? ఆ బిడ్డా అమ్మవారిని చూడదు, ఫోను తెరని చూస్తుంది. అది తలచుకుంటే నాకు కడుపు మండిపోతుంది.

కిందటేడు మనవరాలిని తీసుకెళ్లాను. పిల్లని ఎత్తుకునే సత్తువ నా మోకాళ్లకి లేదు. మా ముందు ఓ కుర్రాడు కొడుకుని ఎక్కించుకున్నాడు.

"బాబూ, వెనకాల గుంట ఉంది, కాస్త ఇటు జరుగుదూ" అన్నాను.

పలకలేదు. మళ్లీ అన్నాను.

"మేం ముందొచ్చాం తాతా" అన్నాడు.

వచ్చాడు, నిజమే. మా నాన్నా ముందే వచ్చేవాడు, ఎండ నెత్తికెక్కకుండానే.

డప్పులు దగ్గరపడ్డాయి, దాటిపోయాయి. పిల్ల నా పంచె పట్టుకుని లాగింది.

"ఏనుగు వచ్చిందా తాతా?"