జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు

పిల్లలు పదో తరగతి పరీక్షలు ఇంకా రాస్తూనే ఉంటారు, హన్మకొండ నయీంనగర్‌లో ఇంటర్ అడ్మిషన్లు మొదలైపోతాయి. కాలేజీల పీఆర్వోలు ఫోన్ నంబర్ల జాబితా చేతిలో పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజు తగ్గిస్తామంటారు. తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, ఎంపీసీలో మా వాడికి ఏ బ్యాచ్ ఇస్తారని. వాడు అక్కడే, అదే గదిలో కూర్చొని ఉంటాడు. నీకు లెక్కలంటే ఇష్టమేనా, ఎంత వరకు వచ్చు, ముందుముందు నువ్వు చేయబోయే పనికి ఎన్ని లెక్కలు కావాలి అని వాణ్ని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. మా రోజుల్లో అడిగేవాళ్లు. ఆ పని లెక్కల సారుది.

నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి 1969 తెలంగాణ ఉద్యమం సద్దుమణిగి బడులు మళ్లీ దారిన పడ్డాయి. అప్పట్లో ఎస్సెస్సీకి లెక్కలు రెండు రకాలు. జనరల్ మ్యాథ్స్ ఒకటి, కాంపోజిట్ మ్యాథ్స్ ఒకటి. జనరల్‌లో బారువడ్డీ, చక్రవడ్డీ, లాభనష్టాలు, వైశాల్యాల వంటి రోజువారీ బతుకులో పనికొచ్చేవి ఎక్కువ. కాంపోజిట్‌లో బీజగణితం లోతుగా ఉండేది, రేఖాగణితంలో సిద్ధాంతాలను నిరూపణలతో సహా రాయాలి. ఇంటర్‌లో ఎంపీసీ చదవాలంటే కాంపోజిట్ తీసుకోవాల్సిందే. జనరల్ తీసుకున్నవాళ్లు మిగతా గ్రూపుల్లోకి వెళ్లేవాళ్లు. సర్కారు బడిలోనే, అందరికీ తెలిసేలా, పైసా ఖర్చు లేకుండా ఈ ఎంపిక జరిగేది.

ఎవరు ఏది తీసుకోవాలో మా సారు ఒక పరీక్ష పెట్టి తేల్చలేదు. ఎనిమిదో తరగతి పొడుగునా గమనించాడు. ఒక్కొక్కణ్ని బోర్డు దగ్గరికి పిలిచి సమద్విబాహు త్రిభుజం గీయమనేవాడు. సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానమని అందరం గడగడా చెప్పేవాళ్లం. "కొలిచి చెప్తున్నవా, తెలిసి చెప్తున్నవా?" అని అడిగేవాడు సారు. కొందరు కోణమానిని తెచ్చి కొలిచి చూపించేవాళ్లు. ఒకరిద్దరు మాత్రం శీర్షం నుంచి కిందికి ఒక గీత గీసి, ఇప్పుడు ఈ రెండు త్రిభుజాలూ ఒకటే కదా సారూ అనేవాళ్లు. వాళ్ల పేర్లు ఆయన మనసులో రాసుకునేవాడు. కొలిచి చూపినవాణ్ని కూడా ఆయన తక్కువ చేసి మాట్లాడగా నేను వినలేదు.

మా బాపు ఆజంజాహి మిల్లులో కార్మికుడు. ఒకరోజు షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి సారు మా అరుగు మీద కూర్చొని ఉన్నాడు. "నీ కొడుక్కు కాంపోజిట్ ఇప్పియ్యాలె. వీనికి ప్రతిదానికి ఎందుకు, ఎట్ల అని అడిగే గుణం ఉన్నది" అన్నాడు. మా బాపు చేతులు తుడుచుకుంటూ, "నాకేం ఎరుక సారూ, మీరు ఎట్ల అంటె అట్ల" అన్నాడు. "నేను అనుడు కాదు, రేపు వాడు కష్టమని ఏడిస్తే నువ్వు మధ్యల మాన్పియ్యొద్దు. అదొక్కటి మాటియ్యి" అన్నాడు సారు. మా బాపు మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు కూడా. లెక్కలే నాకు ఉద్యోగమయ్యాయి. రిటైరయ్యే దాకా సర్కారు జూనియర్ కాలేజీల్లో అవే చెప్పాను.

నా పక్కన కూర్చునే మిత్రుడు జనరల్ తీసుకున్నాడు. వాళ్లకు బట్టలబజార్‌లో దుకాణం. వడ్డీ లెక్క, శాతం లెక్క కాగితం ముట్టకుండా నోటితోనే చెప్పేవాడు, సారుకంటే ముందే. తర్వాత దుకాణాన్ని పెద్దది చేశాడు. జనరల్ చదివినందుకు వాణ్ని తక్కువగా చూసినవాళ్లు మా బడిలోనూ లేరు, బజారులోనూ లేరు. జనరల్ అంటే ఎందుకూ పనికిరానివాడి చదువు అన్న మాట అప్పట్లో లేదు.

ఆ పద్ధతిలో లోపాలున్నాయి, దాచను. కాంపోజిట్ చెప్పగల సారు లేని పల్లెటూరి బడులు చాలా ఉండేవి. అక్కడి పిల్లవాడికి ఎంత తెలివి ఉన్నా, పద్నాలుగేళ్లకే ఎంపీసీ తలుపు మూసుకుపోయేది. ఆడపిల్లకు అంత కష్టపు లెక్కలెందుకని ఇంట్లోనే జనరల్‌కు తోసేవాళ్లు. ఈ రెండూ అన్యాయాలే. సారు లేని బడికి సారును పంపించాల్సింది, ఆడపిల్ల తల్లిదండ్రులకు నచ్చజెప్పాల్సింది. ఆ పని వదిలేసి రెండు రకాల లెక్కలనే ఎత్తేశారు. పదో తరగతి వరకు అందరికీ ఒకే గణితం పెట్టారు. దాన్ని నేను తప్పుపట్టను, పదిహేనేళ్ల దాకా అందరూ ఒకే పుస్తకం చదవడం మంచిదే. నా గొడవంతా ఆ తర్వాతి మెట్టు గురించి.

ఇంటర్‌లో ఇప్పుడు లెక్కలు తీసుకుంటే మొత్తం తీసుకోవాలి, లేకపోతే బొత్తిగా వదిలేయాలి. తీసుకుంటే మొదటి ఏడాది వన్ ఏ, వన్ బీ, రెండో ఏడాది టూ ఏ, టూ బీ. నాలుగు పేపర్లు, ఒక్కోటి 75 మార్కులు. ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు మొదలుకొని శాంకవాలు, సమాకలనం, అవకలన సమీకరణాల దాకా. చార్టర్డ్ అకౌంటెన్సీ వైపు పోదామని ఎంఈసీ తీసుకున్న పిల్ల కూడా ఇంజనీరు కాబోయేవాడు చదివే ఈ నాలుగు పేపర్లే చదవాలి. అదే బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీలకు వెళ్తే లెక్కల పుస్తకమే ఉండదు. పదో తరగతిలో పైథాగరస్ చదివిన పిల్ల జూన్ నెల వచ్చేసరికి లెక్కలకు శాశ్వతంగా దండం పెట్టేస్తుంది. మా రోజుల్లోనూ బైపీసీలో లెక్కలు లేవు. అప్పుడే ఉన్న ఆ లోటును యాభై ఏళ్లు దాటినా సరిచేయలేదంటే నాకు మరింత కోపం వస్తుంది. ఇప్పటి డాక్టరుకు, వ్యవసాయ శాస్త్రవేత్తకు, బీకాం చదివి ఆఫీసులో కూర్చునేవాడికి రోజూ గణాంకాలతోనే పని. ఎంబీబీఎస్‌లోనే బయోస్టాటిస్టిక్స్ ఉంది. దానికి పునాది వేసే సంభావ్యత, విస్తరణ కొలతల పాఠాలు మాత్రం టూ ఏ పుస్తకంలో ఉన్నాయి, బైపీసీ పిల్ల ఆ పుస్తకం ముట్టదు.

మా పక్కింటి అమ్మాయి బైపీసీ. ఓ సాయంత్రం భౌతికశాస్త్రం పుస్తకం పట్టుకొని మా ఇంటికొచ్చింది. "తాతా, ఈ డీఎక్స్ బై డీటీ అంటే ఏంది? మా సార్ చివరి సూత్రం ఒక్కటి బట్టీ పట్టుమన్నడు" అంది. అసలు సంగతి ఏమిటంటే ఎంపీసీ వాళ్లకూ బైపీసీ వాళ్లకూ భౌతికశాస్త్రం పుస్తకం ఒక్కటే, ప్రశ్నపత్రం ఒక్కటే. ఎంపీసీ పిల్ల అవకలనాన్ని వన్ బీలో నేర్చుకొని ఇక్కడ వాడుకుంటుంది. బైపీసీ పిల్లకు అదెవరు చెప్తారు? కాగితం తీసుకొని కాజీపేట నుంచి చౌరస్తాకు వచ్చే బస్సు బొమ్మ గీశాను. పదో నిమిషానికి బస్సు ఎక్కడుంది, పన్నెండో నిమిషానికి ఎక్కడుంది అని గుర్తులు పెట్టించాను. ఆ రెండు గుర్తుల మధ్య దూరాన్ని కాలంతో భాగించమన్నాను. తర్వాత పన్నెండుకు బదులు పదకొండు, దానికి బదులు పదిన్నర. వ్యవధి తగ్గేకొద్దీ వచ్చే వేగం ఒక విలువ దగ్గరికి చేరుతూ పోయింది. "అంటే స్పీడోమీటర్‌ల కనిపించేది ఇదేనా తాతా?" అని తనే అడిగింది. అరగంట పట్టింది. ఆ పిల్లకు తెలివి లేకనా ఇన్నాళ్లూ సూత్రాలు వల్లె వేసింది? ఇంటర్ బోర్డు ఆమెకు పుస్తకం ఇవ్వలేదు, అంతే.

ఎంపీసీలో చేరిన పిల్లలైనా బాగున్నారా అంటే అదీ లేదు. పైకి చూస్తే బోర్డు లెక్కలు అందరికీ ఒకటే. కాలేజీ గోడల లోపల మూడు రకాలు. ఒకటి ఐఐటీ బ్యాచ్, ఒకటి ఎంసెట్ బ్యాచ్, ఇంకొకటి ఐపీఈ బ్యాచ్, అంటే బోర్డు పరీక్ష గట్టెక్కితే చాలనుకునే బ్యాచ్. ఎంసెట్ పేరు మార్చి ఈఏపీసెట్ అన్నా జనం నోట ఇంకా ఎంసెట్టే. పిల్లలు ఏ బ్యాచ్‌లో పడతారన్నది కాలేజీ పెట్టుకున్న పరీక్షను బట్టి, కట్టిన ఫీజును బట్టి తేలుతుంది. నెలనెలా ర్యాంకులు చూసి కింది సెక్షన్‌కు దించుతారు. కింది సెక్షన్‌కు దిగిన పిల్లవాడి ముఖం చూసినవాళ్లకు తెలుస్తుంది ఇదెంత కఠినమో. జనరల్, కాంపోజిట్ అంటే సర్కారు పెట్టిన రెండు దారులు, దేని పాఠ్యపుస్తకం దానికి ఉండేది. ఈ బ్యాచ్‌లకు పాఠ్యప్రణాళికను ఏ బోర్డూ ఆమోదించలేదు. లెక్కల్లో స్థాయిలు పోయాయనుకుంటున్నాం, అవి పోలేదు. సర్కారు చేతిలోంచి జారి ప్రైవేటు వ్యాపారంలో చేరాయి.

పరీక్ష తీరు మరీ బాధ. 75 మార్కుల్లో రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఏడింటిలో ఐదు, ఏడు మార్కులవి ఏడింటిలో ఐదు. ఏ పాఠం నుంచి ఎన్ని మార్కులు వస్తాయో పిల్లలకు ముందే తెలుసు. ఆ లెక్క వేసుకొని మొత్తం పాఠాలకు పాఠాలే వదిలేస్తారు, వదిలేయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇంకోవైపు ఎంసెట్ ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలుంటే సగం, 80, లెక్కలవే. సమయం మూడు గంటలు. ఆ తొందరలో నిరూపణకు చోటెక్కడ? ఇదివరకు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ అన్నా ఉండేది, తెలంగాణలో 2023లో దాన్నీ ఎత్తేశారు. ఎందుకని అడిగే గుణమున్న పిల్లవాణ్ని మా సారు ఏరికోరి పట్టుకున్నాడు. నేటి కాలేజీలో ఆ ప్రశ్న అడిగితే టైం వేస్టంటారు.

వరంగల్‌కు ఈ బాధ ఎక్కువగా తగలడానికి కారణముంది. రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1959లో. కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైందీ అదే ఏడాది. మా తరం ఈ రెండు గేట్లను చూస్తూ పెరిగింది. ఈ గేటులోకి పోవాలంటే లెక్కలు, ఆ గేటులోకి పోవాలంటే జీవశాస్త్రం అన్న విభజన ఈ ఊరి ఇళ్లల్లో అప్పుడే పాతుకుపోయింది. రీజనల్ కాలేజీ 2002లో ఎన్ఐటీ అయింది, ఆశ ఇంకా పెరిగింది. ఊళ్లో ఎక్కువమంది పిల్లలు ఈ రెండింటిలో ఏ గేటూ దాటరు. వాళ్లకు తగిన గణితం గురించి మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ ఆలోచించలేదు.

వేరేచోట్ల ఆలోచించారు. సీబీఎస్ఈ వాళ్లు 2020 పరీక్షల నుంచి పదో తరగతికి స్టాండర్డ్, బేసిక్ అని రెండు గణిత పరీక్షలు పెట్టారు. మామునూరు నవోదయ పిల్లలకు ఈ మాటలు తెలుసు. పుస్తకం ఒకటే, పాఠం ఒకటే, ప్రశ్నపత్రం మాత్రమే వేరు కాబట్టి అది సగం పనే అంటాను. బేసిక్ రాస్తే పదకొండులో ప్రధాన గణితం ఇవ్వబోమని మొదట షరతు పెట్టి, కరోనా కాలం నుంచి సడలిస్తూ వచ్చారు. నాకు అంతకంటే నచ్చింది, పదకొండు, పన్నెండు తరగతులకు వాళ్లు పెట్టిన అప్లయిడ్ మ్యాథమెటిక్స్. వాణిజ్యం, సామాజిక శాస్త్రాలు చదివేవాళ్లకు పనికొచ్చే గణితమది. ఫిన్లాండ్‌లో ఆ వయసు పిల్లలకు పొడవు గణితం, పొట్టి గణితం అని రెండు ఉంటాయి, ఏది చదవాలో పిల్లలే ఎంచుకుంటారు. అంత దూరం ఎందుకు, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి ఎంబైపీసీ వచ్చింది. జీవశాస్త్రంతోపాటు లెక్కలూ చదవొచ్చు. మన దగ్గర బైపీసీ పిల్ల లెక్కలు కావాలనుకుంటే ఇంటర్ పాసయ్యాక అదనపు సబ్జెక్టుగా విడిగా కట్టి రాసుకోవాలి. పాఠం చెప్పేవాళ్లు లేకుండా నాలుగు పేపర్లు ఎవరు రాయగలరు?

తెలంగాణ ఇంటర్ బోర్డు పెద్దలకు నా విన్నపం ఇది. ఎంపీసీ గణితాన్ని ఎంపీసీకే ఉంచండి, దాన్ని పలచన చేయమని నేను అడగడం లేదు. దాని పక్కన రెండో గణితం ఒకటి పెట్టండి, ఏడాదికి ఒక్క పేపరు. శాతాలు, వడ్డీలు, గ్రాఫులు, మార్పు రేటు అంటే ఏమిటన్న మొదటి పాఠం, సంభావ్యత, గణాంకాలు అందులో ఉంటే చాలు. బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ పిల్లలందరికీ అది అందాలి, ఎంఈసీ పిల్లలకు రెండింటిలో ఏదైనా ఎంచుకునే వీలుండాలి. రెండో గణితం తీసుకొని బాగా చదివినవాడు మనసు మార్చుకుంటే మొదటిదానికి మారే దారి తెరిచి ఉంచండి, మా రోజుల్లో పల్లె పిల్లలకు మూసేసిన ఆ తలుపు మళ్లీ మూయొద్దు. పిల్లవాడికి ఏ గ్రూపు, ఏ గణితం తగునో పదో తరగతి లెక్కల టీచరు రాసిచ్చే అభిప్రాయాన్ని అడ్మిషన్ ఫారంతో జతచేయమని రూలు పెట్టండి. పాటించాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం, కానీ పిల్లవాణ్ని ఏడాది పాటు చూసిన మనిషి మాట ఒకటి కాగితం మీద ఉండాలి. పుస్తకం రాయడానికి తెలుగు అకాడమీ ఉంది, చెప్పడానికి జూనియర్ కాలేజీల్లో లెక్కల లెక్చరర్లు ఉన్నారు. ఇక రావలసింది బోర్డు ఉత్తర్వే.