బాన్సువాడ బస్టాండు జిరాక్స్ మిషన్ ఆత్మకథ

బాన్సువాడ ఆర్టీసీ బస్టాండు దగ్గర ఒక చిన్న షాపులో, లామినేషన్ మిషన్ పక్కన ఈ జిరాక్స్ మిషన్ ఉంటుంది. తన కథ తానే చెప్పుకుంటున్నా ఇది ‘నేను’ అనదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా దీని అద్దం మీద పడేవన్నీ ఇతరుల పేర్లు, పుట్టిన తేదీలు, సంతకాలే. ఆ మనుషుల కథలే దీని కథ.

దీని వంశం పుట్టుకలోనూ ఒక వలస ఉంది. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో, ఒక అద్దె గదిలో, చెస్టర్ కార్ల్‌సన్ మొదటి పొడి కాపీ తీశాడు. గంధకం పూసిన జింకు పలక, గాజు ముక్క మీద సిరాతో రాసిన ఆనాటి తేదీ, ఊరి పేరు, పైన చల్లిన కాస్త పొడి: అంతే సరంజామా. పక్కనుండి చేతులు మసి చేసుకున్న సహాయకుడు ఒట్టో కోర్నై. ఆస్ట్రియా విడిచి శరణు వెతుక్కుంటూ అమెరికా చేరిన ఇంజనీరు అతడు.

బాన్సువాడ 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేది, తర్వాత కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. చుట్టూ నిజాంసాగర్ ఆయకట్టు, వరి మడులు. అయినా ఊరూరా గల్ఫ్‌కు పోయినవాళ్లున్నారు. అందుకే ఈ మిషన్‌కు బాగా అలవాటైనవి పాస్‌పోర్టు, పదో తరగతి మెమో. పది పాసు కానివాడి పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ కిందికి వస్తుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం అతడు గల్ఫ్‌లో కొలువుకు పోవాలంటే విడిగా క్లియరెన్స్ కావాలి. దుబాయ్‌కి భార్యను తీసుకుపోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతో పాటు ఉండటానికి ఇల్లు చూపాలి. కూలి పనికి పోయినవాడికి అంత జీతం ఎక్కడిది? ఆ కాగితాల కట్టల్లో భార్య ఫొటో కనపడటం అరుదు.

అమెరికా కాగితాలూ వస్తాయి. చదువుకో సాఫ్ట్‌వేర్ కొలువుకో పోయిన పిల్లలవి. కానీ ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్లు తెచ్చిన కట్ట వేరు. పైన గ్రీన్‌కార్డు కాపీ. దాని మీద కేటగిరీ చోట ‘ఏఎస్6’ అని ఉంది. అంటే అత్త కొడుక్కి ఆ కార్డు కొలువు మీద రాలేదు, శరణు అడిగి పొందాడు. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక సామాజిక వర్గానికి చెందడం: ఈ అయిదింటిలో ఏదో ఒక కారణంగా స్వదేశంలో హింస తప్పదని భయపడేవారికి అమెరికా 1980 నాటి శరణార్థుల చట్టం ఆశ్రయమిస్తుంది. అతడిది ఏ కారణమో ఆ కట్టలో లేదు. ఇంట్లోవాళ్లు చెప్పలేదు, షాపతను అడగలేదు.

“అన్నా, గీ పెండ్లిపత్రిక సాఫ్‌గ రావాలె. తారీఖు కనవడాలె” అంది కోడలు.

పత్రిక నాలుగు మూలలా పసుపు. నలుపు తెలుపు కాపీలో ఆ పసుపు బూడిదరంగు మరకై అచ్చు మీదికి పాకింది. షాపతను వెలుతురు తగ్గించి, పెంచి, మళ్లీ తీశాడు. 2016 నాటి ఆ తేదీ తేటగా రావడం నిజంగా అవసరమే. శరణు మంజూరయ్యేనాటికే పెళ్లయి ఉంటే, ఆ రోజు నుంచి రెండేళ్లలోపు ఐ-730 అనే ఫారం పెట్టి భార్యను, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలను పిలిపించుకోవచ్చు. ఆనాటికి కడుపులో ఉన్న బిడ్డకూ ఆ హక్కు వర్తిస్తుంది. దానికి ఫీజు లేదు, వీసాల కోటా లేదు, పోషించగలనని ఆదాయం చూపాల్సిన పని లేదు.

అతడికి శరణు దొరికింది 2019లో. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగమని ఎవరో చెప్పారట. ఆగాడు. రెండేళ్లూ అయిపోయాయి.

మానవతా కారణాలుంటే గడువు సడలించే వీలుంది, కానీ ఎందుకు ఆలస్యమైందో అధికారిని ఒప్పించాలి. అతడు ఆ దారి పట్టలేదు. 2023లో గ్రీన్‌కార్డు అందాక ఐ-130 అనే మరో ఫారం పెట్టాడు. శాశ్వత నివాసి భార్యాబిడ్డల వరుస పేరు ‘ఎఫ్2ఏ’. దానికి ఏటా వీసాల పరిమితి ఉంది. ఫీజు ఉంది. పోషణ హామీ పత్రం ఉంది, అందులో ఆదాయం కనీసం పేదరిక రేఖకు 125 శాతం చూపాలి. ఒకే భార్య, ఒకే బిడ్డ, అదే పెళ్లిపత్రిక. ఫారం మారేసరికి ఏళ్లు మారిపోయాయి. శరణు మంజూరు ఉత్తరంతో పాటే ఆ రెండేళ్ల గడువును పెద్దక్షరాల్లో, శరణు పొందినవాళ్ల భాషలో చేతికిస్తే ఎన్ని ఇళ్లలో ఎదురుచూపు తగ్గేదో! ఈ మిషన్‌కు నోరుంటే ముందుగా అడిగేది అదే.

ఇంతలో అత్త ముందుకు జరిగింది. “బిడ్డా, గండ్ల నా పేరు యాడున్నది?”

“లేదవ్వా. గ్రీన్‌కార్డు మీద భార్యాపిల్లలనే పిలుసుడు. తల్లిని పిలవాల్నంటే ఆడ సిటిజన్ కావాలె.”

చట్టం అంతే. శాశ్వత నివాసి భార్యనూ, పెళ్లికాని పిల్లలనూ పిలవగలడు. తల్లిదండ్రులను, అన్నదమ్ములను పిలవలేడు. పౌరుడయ్యాక తల్లికి కోటా అడ్డురాదు, అన్నదమ్ములకు మాత్రం భారతీయుల వరుస పదిహేనేళ్లకు మించి సాగుతుంది. చిన్ననాడు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నది తల్లే కదా, ఆమె చివర ఎందుకుండాలి? అతడు వచ్చి చూసిపోవడమూ తేలిక కాదు. ఏ దేశంలో ప్రాణభయమని చెప్పాడో ఆ దేశానికే తిరిగొస్తే, గ్రీన్‌కార్డు ఉన్నా ప్రశ్నలు ఎదురుకావచ్చు. తండ్రి పోయినప్పుడూ రాలేదని కోడలు మెల్లగా చెప్పింది.

షాపతను కార్డు కాపీని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. గ్రీన్‌కార్డు మంజూరు ఉత్తరంలో 2023 ఉంది, కార్డులో నివాసం మొదలైన తేదీ 2022. అచ్చుతప్పు కాదది. శరణు పొందినవారి గ్రీన్‌కార్డు తేదీని ఒక ఏడాది వెనక్కి జరిపి వేస్తారు. పౌరసత్వానికి కావలసిన అయిదేళ్లూ ఆ తేదీ నుంచే లెక్క.

“గట్లయితె 2027 అవ్వా, 2028 గాదు” అన్నాడు. “గా లోపట నీ కొడుకు బర్త్ సర్టిఫికెట్ తీయాలె. దాంట్ల నీ పేరు ఆధార్‌ల ఉన్నట్టే ఉండాలె.”

కొడుకు ఇంట్లోనే పుట్టాడు, అప్పుడు ఎవరూ రాయించలేదు. ఏడాది దాటిన జననం నమోదు కావాలంటే ఆర్డీఓ ఉత్తర్వు కావాలి. బాన్సువాడ రెవెన్యూ డివిజన్ కేంద్రమే కాబట్టి ఆఫీసు ఊళ్లోనే ఉంది. మెమోలో తల్లి పేరుకు, ఆధార్‌లో పేరుకు ఒక అక్షరం తేడా. ముందు దాన్ని సరిచేయించాలి. ఆధార్ రెండు వైపులా, పదో తరగతి మెమో, రేషన్ కార్డు, రెండేసి కాపీలు తీయించుకుని, మీసేవ మూయకముందే అందుకోవాలని అత్తాకోడళ్లు గబగబా అటు నడిచారు.