‘కూలింగే రావట్లా’: టీకా తాత్పర్య సహితం

మూలం: "కంప్రెసర్ తిరగతానే ఉందండీ, కూలింగే రావట్లా."

అవతారిక: ఏప్రిల్ దాటాక పల్నాట ఈ వాక్యాన్ని పారాయణ చేయని ఇల్లు అరుదు. నడికుడి జంక్షన్‌లో చీలే మాచర్ల లైను మీదే రెంటచింతల ఉంది. ఎండల వార్తల్లో ఆ ఊరి పేరు రాలేదంటే విలేఖరి సెలవులో ఉన్నాడనే లెక్క. ఇటు చూస్తే పిడుగురాళ్ల సున్నపు బట్టీలు. ఎండా దుమ్మూ ఇంత పుష్కలంగా ఉన్న చోట ఈ వాక్యం పుట్టకపోతేనే వింత. వక్త యజమాని, శ్రోత మెకానిక్. రసం కరుణ, బిల్లు చేతికొచ్చాక రౌద్రం.

ప్రతిపదార్థం: కంప్రెసర్ = ఫ్రిజ్ వెనక అడుగున ఉండే నల్ల డబ్బా; తిరగతానే ఉంది = లోపల మోటారు ఆడుతూనే ఉంది (చూసింది కాదు, చెవి ఆనించి విన్నది); అండీ = మెకానిక్ మీద వేసవిలో మాత్రమే పుట్టే గౌరవం; కూలింగే = చల్లదనమే; రావట్లా = రావడం లేదు.

వ్యాఖ్య: చల్లదనం ఎక్కడినుంచో వస్తుందనుకోవడమే ఇక్కడి పొరపాటు. లోపలి వేడి బయటికి పోవాలి, అంతే. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఐసోబ్యూటేన్ మామూలు పీడనంలో సున్నాకి 12 డిగ్రీల కిందే మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని పెరుగు గిన్నె దగ్గర్నుంచి లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి నొక్కుతుంది. నొక్కేసరికి ఆవిరి బయటి గాలికన్నా వేడెక్కి, వెనక జాలీలో ఆ వేడి వదిలేసి ద్రవమవుతుంది. సన్నటి కేపిలరీ గొట్టం దాటగానే పీడనం పడిపోయి, మళ్లీ మరగడం మొదలు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో పల్నాటి మిర్చి బస్తాల్ని కాపాడేదీ ఈ తంతే. అక్కడ చాలాచోట్ల వాడేది అమోనియా, అది సున్నాకి 33 కింద మరుగుతుంది.

పల్నాటి కష్టమంతా వేడి వదిలే దగ్గరే. బయట 45 డిగ్రీలుంటే, ఏసీలో ఇదే పని చేసే ఆర్-32 వాయువు అంతకన్నా వేడిగా, 55 దగ్గరైనా, ద్రవం కావాలి. అందుకు వాతావరణ పీడనానికి దాదాపు 35 రెట్లు కావాలి. గదిలో కాయిల్ 10 డిగ్రీల దగ్గరుంటే అక్కడి పీడనం 11 రెట్లు. పాపం, ఆ 11ని 35కి ఎక్కించే కూలి కంప్రెసర్‌ది. ఔట్‌డోర్ యూనిట్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడక ఆ 35 ఇంకా పైకి పోతుంది. మెకానిక్ పంపు పెట్టి కడిగితే ముందు తెల్లటి నీళ్లు దిగుతాయి. యజమాని గదిలో వెతుకుతున్న దోషం అప్పటిదాకా గోడ అవతల ఉందన్నమాట.

శంక: కరెంటు పోయి వెంటనే వచ్చింది. డబ్బా మూలిగి, టక్కుమని ఊరుకుంది. కాలిపోయిందా?

సమాధానం: లేదు. ఒకవైపు పీడనం దిగకముందే మోటారు కదలలేక ఎక్కువ కరెంటు లాగుతుంది, ఓవర్‌లోడ్ దాన్ని ఆపేస్తుంది. మూడు నిమిషాలు ఆగితే కేపిలరీ గుండా రెండువైపులా సర్దుకుంటుంది. స్టెబిలైజర్‌లో టైమ్ డిలే పెట్టింది ఇందుకే. ఈలోపు స్విచ్చి టకటకా నొక్కేవారు ఈ శాస్త్రానికి అనధికారులు.

ఉదాహరణాంతరం: స్టేషన్లో రైలు కింద బుస్సుమనేదీ కంప్రెసర్ చలవే. ఇంజన్‌లోని కంప్రెసర్ నొక్కిన గాలి, బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకి 5 కిలోల పీడనంతో నిలుస్తుంది. గాలి నిండితే బ్రేకు పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజం తిరగబడి ఉంది. పైపు నిండుగా ఉంటే చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. అందులో గాలి తగ్గగానే ప్రతి పెట్టె కింద నిల్వ ఉన్న గాలి బ్రేకు పట్టిస్తుంది. పైపు తెగినా బండి ఆగేది అందుకే. 1870ల మొదట్లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ ఈ ఏర్పాటు చేశాడు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో "గ్యాస్ అయిపోయిందండీ" అని కనబడుతుంది. ఇది ప్రక్షిప్తం. గ్యాస్ పెట్రోలు కాదు ఖర్చవడానికి, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉంది. అది మూయకుండా నింపితే వచ్చే వేసవికి ఇదే పారాయణ. ఇంటి ఫ్రిజ్‌లో ఐసోబ్యూటేన్ మొత్తం కొన్ని పదుల గ్రాములే కనుక, లీకు పట్టుకుని, వాక్యూమ్ చేసి, తూకం వేసి నింపే మెకానిక్ పాఠమే ప్రామాణికం. అంటుకునే వాయువు కాబట్టి ఆ పని జరిగేటప్పుడు కిటికీలు తీసి ఉంచాలన్నది మాత్రం టీకాకారుడు ఫీజు లేకుండా చేర్చిన మాట.