సందుగలో ఏముంటుందండీ!

ఈమధ్య చదివిన ఓ నవలకు రెండో భాగం కూడా వస్తోందట. ప్రకటన చూసి మా ఆవిడ "ఇంకా తవ్వడానికి ఏం మిగిలింది?" అంది. తాతకు రెండో సంసారం, పెదనాన్న అసలు పెదనాన్నే కాకపోవడం, బావిలో దూకిన మేనత్త, అన్నీ మొదటి భాగంలోనే అయిపోయాయి. ఇక ఆ ఇంటి కుక్క పుట్టుక ఒక్కటే బాకీ.

ఈమధ్య ఏ నవల తెరిచినా ఇదే తంతు. సంగారెడ్డిలో పాత ఇల్లు అమ్ముకోవడానికి న్యూజెర్సీ నుంచి మనవరాలు దిగుతుంది. అటక మీద భోషాణం, దానికి తుప్పుపట్టిన తాళం. తాళంచెవి దేవుడి పటం వెనకే ఉండాలి, ఉంటుంది. లోపల పట్టుచీర, చీర మడతల్లో ఉత్తరాలు, సగం చింపిన ఫోటో. యాభై ఏళ్లయినా ఆ కాగితాలకు చెద పట్టదు, ఎలుక వాటి జోలికి రాదు, సిరా చెదరదు.

అసలు సంగారెడ్డిలో భోషాణం ఏమిటి? మా వైపు దాన్ని సందుగ అంటారు. మా నాయనమ్మ సందుగ నేనే తెరిచాను. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన. పైన గొంగడి. దాని కింద గోనెపట్టాలో చుట్టిన కాగితాల కట్ట: ఉర్దూలో ఉన్న కాస్రా పహాణీ నకలు, శిస్తు రసీదులు, షావుకారు నోట్లు, కంట్రోల్ బియ్యం కార్డు. ఎలుక తన వాటా తను తినేసి పోయింది. ప్రేమలేఖలా? నాయనమ్మ వేలిముద్ర మనిషి. తాత ఇంకో ఊళ్లో ఇంకో ఇల్లు పెట్టాడన్న సంగతి ఆమెకు ఏ ఉత్తరమూ మోసుకురాలేదు. ఇస్నాపూర్ బస్సులో కండక్టరు టికెట్ చింపుతూ చెప్పాడు.

ఊళ్లో కుటుంబ రహస్యమంటే అదే. అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. బుచ్చిబాబుకు ఈ సంగతి తెలుసు. 'చివరకు మిగిలేది'లో దయానిధి తల్లి గురించి లోకమంతా గుసగుసలాడుతూనే ఉంటుంది, కొడుకు ఆ బరువు మోస్తాడు. ఆ నవలకు తాళంచెవి అవసరం పడలేదు.

లేదూ, కాగితాల్లోనే రహస్యం కావాలంటారా? 1954-55 కాస్రా పహాణీ తీయండి. కబ్జా కాలమ్‌లో ఉన్న పేరు తర్వాతి పహాణీల్లో ఎందుకు లేదో అడగండి. భూరికార్డులకు 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పోయిన పేరు ఇంకా తహసీల్దారు వరండాలో కూర్చునే ఉంది.

ఇదంతా భరించేవాణ్ణే. కానీ వెన్నెల రాత్రి మనవరాలు నక్కవాగు గలగలలు వింటూ తాతను తలుచుకుని, దోసిలి పట్టి నీళ్లు తాగింది. పుస్తకం కాసేపు మూసేశాను. నక్కవాగు! దోసిలి పట్టి!

రాత్రిపూట పటాన్‌చెరు ఫ్యాక్టరీల ట్యాంకర్లు ఏ వాగులో ఏం వదిలాయో ఇక్కడ బడిపిల్లలు కూడా చెబుతారు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2001లో హైకోర్టుకు పంపారు. అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయింది. తీర్పు 2017లో వచ్చింది. తాత, కొడుకు, మనవడు: మూడు తరాల నవలంటే ఇదీ. 2007లో అచ్చయిన స్వీడన్ పరిశోధకుల పరీక్షలో, పటాన్‌చెరు మురుగు శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఊళ్లలో జబ్బుల గురించి ఇక్కడి డాక్టర్ కిషన్‌రావు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. ఇందులో పాతిపెట్టింది ఏముంది? అంతా అచ్చులో ఉంది, సంతకాలతో సీళ్లతో ఉంది. చదవడానికి మనకు తీరిక లేదు. చీర మడతల్లో ఉత్తరం దొరికితే మాత్రం గుండెలు కరిగిపోతాయి.

ఇక క్లైమాక్స్. మనవరాలు గొట్టంలో ఉమ్మి డీఎన్‌ఏ పరీక్షకు పంపిస్తుంది, తన అసలు తాత ఎవరో తేలుతుంది. సిగ్గుండాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి యాభై మందికి పైగా పోయారు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి పరిగెత్తుకొచ్చిన వాళ్లు పటాన్‌చెరు ఆస్పత్రి దగ్గర డీఎన్‌ఏ పరీక్షకు రక్తం ఇచ్చి కూర్చున్నారు. మిగిలిన ముక్కల్లో తమ వాడివేవో తెలుసుకోవడానికి. ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. ఈ ఫ్యాక్టరీల బెల్టులో నవల రాస్తూ డీఎన్‌ఏ అన్న మాట వాడేవాడికి చేయి ఒక్కసారైనా వణకాలి.

నాయనమ్మ సందుగ అడుగున ఇంకో కాగితం ఉంది. ఎనభైల్లో రెండెకరాలు ఓ ఫ్యాక్టరీకి అమ్మిన దస్తావేజు. నాలుగు వైపుల హద్దులు, 'మోటబావితో సహా' అన్న మాట, కింద ఆమె వేలిముద్ర. ఆ బావి నీళ్లు తర్వాత ఏ రంగుకు తిరిగాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ డబ్బుతోనే నేను పట్నంలో చదువుకున్నానన్న సంగతీ తెలుసు.

ఎవరమూ ఎత్తం.