తొందరపడ్డ ఆణిముత్యాలు

మన క్యాసెట్ల రోజుల్లో అట్ట మీద ‘ఆణిముత్యాలు’ అని పడాలంటే ఆ గాయకుడికి ముందు నాలుగు వెంట్రుకలైనా నెరవాలి. స్వీడన్ వాళ్లకు అంత ఓపిక లేదు. అబ్బా బృందం మొదటి ఆల్బమ్ 1973లో వచ్చింది. ‘గ్రేటెస్ట్ హిట్స్’ 1975 నవంబరులో వచ్చేసింది. అప్పటికి వాళ్లు చేసినవి మూడంటే మూడు ఆల్బమ్‌లు. అక్షరాభ్యాసమైన మూడో ఏటే షష్టిపూర్తి చేసి శాలువా కప్పేసినట్టన్నమాట.

ఆగ్నెటా, బియోర్న్, బెన్నీ, ఆనీఫ్రిద్. ఈ నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలే బృందం పేరయ్యాయి. చిక్కేమిటంటే, స్వీడన్‌లో అదే పేరుతో అప్పటికే ఒక చేపల డబ్బాల కంపెనీ ఉంది. మర్యాదస్తులు కనుక వెళ్లి అనుమతి అడిగారు. వాళ్లూ మర్యాదస్తులే కనుక సరేనన్నారు. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ‘వాటర్లూ’ పాడి యూరోవిజన్ పోటీ గెలిచారు. నెపోలియన్ ఓటమి మీద పాట కట్టి, దాన్ని ఆయన్ని ఓడించిన వాళ్ల గడ్డ మీదే పాడటం! లౌక్యమంటే అదీ.

అయినా బ్రిటన్ జనం పూర్తిగా కరగలేదు. అదే ఏడాది వచ్చిన ‘సో లాంగ్’ అక్కడి చార్టుల గుమ్మం కూడా తొక్కలేదు. మరి గ్రేటెస్ట్ హిట్స్‌లో అదెందుకుందని అడక్కండి. ఆల్బమ్‌కి పద్నాలుగు పాటలు కావాలి. చేతిలో ఉన్నవి మూడు ఆల్బమ్‌లు. అలాంటప్పుడు ఏరడానికేముంటుంది, ఊడ్చడమే!

పాటల సంగతటుంచి, బ్రిటన్‌లో అమ్మిన కాపీ అట్ట మీది బొమ్మ చూడాలి. పార్కు బెంచీ మీద నలుగురూ కూర్చున్నారు. ఒక చివర బెన్నీ, ఫ్రీదా (ఆనీఫ్రిదే) లోకం మరచి ముద్దుల్లో మునిగి ఉన్నారు. రెండో చివర బియోర్న్ దినపత్రికలో మునిగి ఉన్నాడు. పక్కన ఆగ్నెటా దిగాలుగా ఎటో చూస్తోంది. మా ఆవిడకు చూపించాను.

“ఎవరండీ ఈ పేపరాయన?”

“బియోర్న్. పాటలు కట్టే ఇద్దరిలో ఒకడు.”

“పక్కనున్నది ఆయన భార్యేగా? అడక్కుండానే తెలుస్తోంది,” అంది నా చేతిలోని పేపరు వంక చూస్తూ. “మరి ఈ జంట?”

“వాళ్లకింకా పెళ్లి కాలేదు.”

“అదీ తెలుస్తోంది.”

ఆ తర్వాత 1978లో వాళ్లకీ పెళ్లయిందనీ, 1981లో విడిపోయారనీ చెప్పాను. “పెళ్లయ్యాక పేపరు వేయించుకుని ఉంటారు,” అని తేల్చేసింది. పేపరు జంట అంతకు ముందే, 1979లోనే విడిపోయిందని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అసలు తమాషా ఇప్పుడు వినండి. 1976లో బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన ఆల్బమ్ ఇదే. ఆ ఏడాది ఆగస్టులో ‘డాన్సింగ్ క్వీన్’ వచ్చింది. అబ్బా అనగానే లోకమంతా కూనిరాగం తీసే పాట అది. జనం బారులు తీరి కొన్న ‘గ్రేటెస్ట్’లో ఆ పాటే లేదు! 1979లో రెండో భాగం వేయక తప్పలేదు. 1992లో ‘గోల్డ్’ వచ్చింది. అందులో పంతొమ్మిది పాటలు. మొదటి పాట ‘డాన్సింగ్ క్వీన్’, చిట్టచివరిది ‘వాటర్లూ’. 1975 నాటి పద్నాలుగింటిలో ఇందులో చోటు దొరికింది మూడింటికే. మిగిలిన పదకొండింటికీ పదవి పోయింది. ‘గోల్డ్’ మాత్రం 2021లో బ్రిటన్ చార్టుల్లో వెయ్యి వారాలు నిండిన మొట్టమొదటి ఆల్బమ్ అయింది.

నా మనసు ఆ పదవి పోయిన పదకొండింటి మీదే. వాటిలో ‘నీనా, ప్రెటీ బాలరీనా’ అని 1973 నాటి పాట ఒకటుంది. వారమంతా బుద్ధిగా ఆఫీసుకెళ్లే పిల్ల శుక్రవారం సాయంత్రమయ్యేసరికి నాట్యరాణి అయిపోతుంది. మూడేళ్ల తర్వాతి ‘డాన్సింగ్ క్వీన్’లోనూ శుక్రవారం రాత్రే, ఆడే పిల్లే. కథ ముందే దొరికింది. దానికి తగ్గ బాణీ దొరకడానికి మూడేళ్లు పట్టింది. ‘గోల్డ్’ వింటే వీళ్లు పుట్టుకతోనే మేధావులనిపిస్తుంది. ఈ పాత ఆల్బమ్ వింటే ఒక పాటలో బాకాలూదుతూ, ఇంకో పాటలో వీడ్కోలు చెబుతూ, ఏ తలుపు తెరుచుకుంటుందా అని అన్నీ తడుతున్న నలుగురు కుర్రకారు కనిపిస్తారు.

కనుక నా తీర్పు ఇదీ: విందు వినోదాలకు ‘గోల్డ్’ పెట్టుకోండి, ఎవరూ కాదనరు. గొప్ప పాట తయారయ్యే ముందు ఎన్ని మామూలు పాటలు కట్టాల్సి వస్తుందో తెలియాలంటే మాత్రం ఈ తొందరపాటు ఆల్బమే వినండి. అట్ట మీది ‘గ్రేటెస్ట్’ అన్న మాటను మాత్రం పెళ్లిచూపుల్లో చెప్పే జీతంలాగే కాస్త తగ్గించి నమ్మండి.